అజ్ఞాత గీతాలు, సంకలనకర్తలు: 1960ల సైకెడెలిక్ పాప్ సంగీతాన్ని నిలిపిన ఇంటి క్యాసెట్ల చరిత్ర

తెలుగు సాహిత్య చరిత్రలో సంకలనకర్తకు దక్కిన స్థానం చిన్నది. కవి పేరు ప్రకరణ శీర్షికలో ఉంటుంది, సంకలనకర్త పేరు ఆధారాల పట్టికలో ఉంటుంది. అయితే మడికి సింగన సకలనీతిసమ్మతము కూర్చి ఉండకపోతే ముద్రామాత్యము వంటి అలబ్ధ కావ్యాల పద్యాలు మనకు ఈ మాత్రం దక్కేవి కావు. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరములో వర్ణనల వారీగా పద్యాలను అమర్చి, ప్రతి పద్యానికీ కవినీ కావ్యాన్నీ పేర్కొని ఉండకపోతే ఎందరో కవులకు సాహిత్య చరిత్రలో పేరుమాత్రపు ఉనికి కూడా ఉండేది కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రబంధరత్నావళికి ఆ గ్రంథమే ప్రధానమైన గని. అంతకు చాలా ముందే హాలుడు కోటి గాథల నుండి ఏడు వందలు ఎంచానని చెప్పుకొన్నాడు. మిగిలిన తొంభై తొమ్మిది లక్షల పైచిలుకు ఏమయ్యాయన్న ప్రశ్న సప్తశతి చదివిన ప్రతి విద్యార్థికీ ఒకసారైనా కలుగుతుంది.

సంకలనం అంటే ఎంపిక మాత్రమేనా, లేక ఎంచిన తరువాత పుట్టే కొత్త చరిత్ర కూడానా అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. దీనికి నేను ఎంచుకొన్న దృష్టాంతం తెలుగు నేలది కాదు. 1960ల ఉత్తరార్ధంలో అమెరికా, బ్రిటన్ దేశాల్లో వెలువడి, వెంటనే మరుగున పడి, ఆ తరువాత అభిమానులు ఇంట్లో కూర్చుకొన్న క్యాసెట్ల ద్వారానూ చిన్న చిన్న సంకలనాల ద్వారానూ బతికి బయటపడిన సైకెడెలిక్ పాప్ సంగీతం అది. తాళపత్ర పరంపర, చాటుపద్య పరంపర మీద పనిచేసే తెలుగు పరిశోధకులకు ఈ చరిత్ర ఉపయోగపడుతుందని నా నమ్మకం. కారణం సులభమే. ఇక్కడ మాతృక, ప్రతి, పాఠాంతరం, లేఖక దోషం, ఆరోపిత కర్తృత్వం అన్నీ మన కళ్ల ముందే, యాభై ఏళ్ల వ్యవధిలోనే జరిగాయి. పింగళి సూరన కాలపు లేఖకుణ్ణి అడగలేని ప్రశ్నలను ఈ లేఖకులను అడగవచ్చు.

సైకెడెలిక్ అన్న మాటను మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ 1950లలో రచయిత ఆల్డస్ హక్స్లీతో నడిపిన ఉత్తరప్రత్యుత్తరాల్లో ప్రతిపాదించాడు. గ్రీకు ధాతువుల ప్రకారం దానికి మనస్సును ప్రకటితం చేసేది అని అర్థం. మాదకద్రవ్య సేవనంతో ముడిపడిన ఆ మాట 1966 నాటికి సంగీతానికి విశేషణమయింది. వెనుకకు తిప్పి వినిపించే టేపు, ప్రతిధ్వని, గరగరలాడే గిటారు, అక్కడక్కడ సితారు, బాల్యస్మృతుల వంటి కలల మాటలు దీని బాహ్యలక్షణాలు. లక్షణచర్చ ఇంతకుమించి ఇక్కడ అనవసరం. ఈ పాటలు ఎందుకు మరుగున పడ్డాయన్నది ముఖ్యం.

ఆనాడు పాట ప్రధానంగా ఏడంగుళాల రికార్డుగా వెలువడేది. ఒక్కో వైపు ఒక్కో పాట, నిడివి రెండున్నర, మూడు నిమిషాలు. అమెరికాలో ఊరూరా కుర్రవాళ్లు ఇంటి గ్యారేజీలో సాధన చేసి, స్థానిక స్టూడియోలో గంటల లెక్కన డబ్బు కట్టి రెండు పాటలు రికార్డు చేయించుకొని, కొద్ది వందల ప్రతులు అచ్చొత్తించుకొనేవారు. ఆ ఊరి రేడియో కేంద్రం పదిసార్లు వినిపిస్తే పాట పక్క జిల్లాకు పాకేది, లేకపోతే అంతే. ఆ కుర్రవాళ్లలో చాలామంది ఏడాది తిరిగేసరికి కళాశాలకో, ఉద్యోగానికో, వియత్నాం యుద్ధానికో వెళ్లిపోయారు. పాట ఒక్కటే మిగిలింది, అదీ పెట్టెల అడుగున.

బ్రిటన్ పరిస్థితి వేరు. అక్కడ పెద్ద కంపెనీలే ఇలాంటి రికార్డులను విరివిగా విడుదల చేశాయి, కాని వినిపించే మార్గం కుంచించుకుపోయింది. సముద్రంలో లంగరు వేసిన ఓడల నుండి ప్రసారం చేసే అనధికార రేడియో కేంద్రాలు కొత్త పాటలకు ప్రాణం పోసేవి. వాటిని అణచివేసే చట్టం 1967 ఆగస్టులో అమలులోకి వచ్చింది. ఆ నెల 14న రేడియో లండన్ మూతపడింది. జాన్ పీల్ అర్ధరాత్రి వేళ నడిపిన పెర్ఫ్యూమ్డ్ గార్డెన్ కార్యక్రమం దానితోపాటే ముగిసింది. సెప్టెంబరు 30న బి.బి.సి. రేడియో వన్ ఆరంభమయింది గాని, సంగీతకారుల సంఘంతోనూ రికార్డు కంపెనీలతోనూ ఉన్న ఒప్పందాల వల్ల రికార్డులను వినిపించే గంటలు దానికి పరిమితం. ఆ ఏడాది చివర డెరామ్ సంస్థ విడుదల చేసిన టింటర్న్ ఆబీ అనే బృందపు రికార్డు సరిగ్గా ఆ ఇరుకులో పడింది. ఆ బృందం నుండి వచ్చిన రికార్డు అదొక్కటే. ఒకే ఒక్క పద్యంతో మిగిలిన కవులు మనకూ ఉన్నారు.

మొదటి సంకలనకర్త

1972లో ఎలెక్ట్రా సంస్థ నగెట్స్ అనే రెండు రికార్డుల సంపుటాన్ని వెలువరించింది. దాని ఉపశీర్షికలో మొదటి సైకెడెలిక్ యుగం అన్న మాట ఉంది, పక్కన 1965 నుండి 1968 అని కాలావధి ఉంది. ఆలోచన సంస్థ అధిపతి జాక్ హోల్జ్‌మన్‌ది, కూర్పు లెనీ కేది. కే అప్పటికి న్యూయార్క్‌లో పాత రికార్డులు అమ్మే దుకాణంలో పనిచేసిన యువ విమర్శకుడు. తరువాతి కాలంలో ప్యాటీ స్మిత్ బృందంలో గిటారు వాద్యకారుడిగా ప్రసిద్ధుడయ్యాడు. సంపుటంలో 27 పాటలున్నాయి. ఒక్కో బృందం గురించి కే చిన్న వ్యాఖ్య రాశాడు. ఈ బృందాలకు పంక్ రాక్ అన్న మాటను వాడిన తొలి రచనల్లో ఆ వ్యాఖ్య ఒకటి.

ఇక్కడ ఒక సవరణ అవసరం. నగెట్స్ అజ్ఞాత గీతాల సంకలనమని సాధారణంగా చెబుతారు. అది సగమే నిజం. అందులో మొదటి పాట పాడిన ఎలెక్ట్రిక్ ప్రూన్స్ బృందం అమెరికా జాతీయ పట్టికలో పదకొండవ స్థానం దాకా వెళ్లింది. కౌంట్ ఫైవ్ బృందపు పాట ఐదవ స్థానానికి చేరింది. వీటిని అజ్ఞాత గీతాలనడం కంటే నాలుగైదేళ్లలోనే మరచిపోయిన గీతాలనడం సమంజసం. కే చేసినది వెలికితీత కన్నా పునర్విభజన. హిట్టు పాటల చిట్టాలో చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకచోట చేర్చి, వాటికొక యుగం పేరు పెట్టి, ఆ యుగానికి ఆద్యంతాలు నిర్ణయించాడు. 1966లో టెక్సాస్‌లో పాడుతున్న థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ బృందానికీ, శాన్ హోసే కుర్రవాళ్లయిన కౌంట్ ఫైవ్‌కూ తాము ఒకే యుగానికి చెందినవారమన్న స్పృహ ఉందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ స్పృహ సంపుటం ఇచ్చింది. దక్షిణాంధ్ర యుగం అని మనం పిలిచే కాలంలో జీవించిన కవులు ఆ పేరు విని ఉండరు గదా.

యుగనామకరణం వెనుకనుండి జరుగుతుందన్న ఈ సూత్రానికి బ్రిటన్‌లో మరింత స్పష్టమైన నిదర్శనం ఉంది. అక్కడి 1966–67 నాటి ఒక రకపు పాటలను నేడు సంగ్రాహకులు ఫ్రీక్‌బీట్ అంటారు. ఆ మాటను సృష్టించిన ఖ్యాతి ఫిల్ స్మీదని ప్రసిద్ధి. ఆయన 1980లలో బామ్ కరూసో సంస్థను నడిపి, 1984 నుండి రబుల్ అనే పేరుతో ఇరవై సంపుటాలు వెలువరించిన సంకలనకర్త. అంటే పాట పుట్టిన రెండు దశాబ్దాల తరువాత ఆ పాట ఏ ప్రక్రియకు చెందినదో తేలింది. దీనిని కృత్రిమమని కొట్టిపారేయనక్కరలేదు. ప్రక్రియ అనేది పాఠకుడి అవసరమని ఒప్పుకొంటే చాలు.

నగెట్స్ నిధి గుల్లయిన తరువాత లోతుకు దిగినది పెబుల్స్ పరంపర. 1978లో మొదలయిన ఈ పరంపర వెనుక ఉన్నది గ్రెగ్ షా. బంగారు ముక్కల తరువాత గులకరాళ్లు, ఆ తరువాత స్మీ చేతిలో రాళ్లూ రప్పలూ: పేర్లలోనే ఒక వినయం, ఒక ఎకసెక్కెం కలిసి ఉన్నాయి. పెబుల్స్ తొలి సంపుటం మీద ప్రచురణస్థలం ఆస్ట్రేలియాలోని కూకబుర్ర అని ఉంది. అది బూటకపు చిరునామా. అనుమతులు లేని ప్రచురణకు అది ముసుగు. ఈ పాటల్లో చాలావాటికి మూలటేపులు దొరకవు గనుక అరిగిన రికార్డు మీద ముల్లు పెట్టి వచ్చిన ధ్వనినే మళ్లీ అచ్చొత్తారు. రికార్డు మీది గీత తాలూకు టిక్కుటిక్కు శబ్దం కూడా పాటతోపాటే ప్రతిలోకి ఎక్కింది. శిథిలమైన తాటాకులోని గ్రంథపాతాన్ని లేఖకుడు చుక్కలు పెట్టి యథాతథంగా ఎక్కించుకొన్నట్టే ఇది.

క్యాసెట్టు అనే పుస్తకం

అచ్చయిన సంపుటాల చరిత్ర ఇంతవరకు రాసినవారున్నారు. ఇంట్లో కూర్చిన క్యాసెట్టుకు అంతటి చరిత్ర దొరకదు. పరంపరను నిజంగా మోసినది మాత్రం అదే.

ఫిలిప్స్ సంస్థ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో కాంపాక్ట్ క్యాసెట్టును ప్రవేశపెట్టింది. లౌ ఒటెన్స్ నాయకత్వంలోని బృందం దానిని రూపొందించింది. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. మొదట మాటలు నమోదు చేసుకోవడానికని ఉద్దేశించిన ఈ సాధనం 1970లలో ధ్వని మెరుగయ్యేసరికి సంగీతానికి మళ్లింది. తొంభై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలు. రెండున్నర నిమిషాల పాటలయితే ఒక వైపు పదహారు, పదిహేడు పడతాయి. కూర్పరికి ఇది ఛందస్సు వంటి కట్టడి. చివరి పాట మధ్యలో టేపు అయిపోతే యతిభంగం. అందుకని ముందే కాగితం మీద నిడివులు కూడుకొని, ఆఖరి ఒకటిన్నర నిమిషానికి సరిపడే చిన్న పాటను వెతికిపెట్టుకొనేవారు. రికార్డు మీట, ప్లే మీట కలిపి నొక్కి, పాట పూర్తవగానే పాజ్ మీట నొక్కి, రికార్డు మార్చి మళ్లీ మొదలుపెట్టడం. తొంభై నిమిషాల కూర్పుకు సాయంత్రమంతా పట్టేది. కూర్పరి ప్రతి పాటనూ పూర్తిగా వినక తప్పదు. జాబితాను ఒక్క క్షణంలో నకలు చేసే నేటి పద్ధతికీ దానికీ ఉన్న ప్రధానమైన తేడా ఈ వినక తప్పని స్థితేనని నా అభిప్రాయం.

అరుదైన ఏడంగుళాల రికార్డు ఉన్నవాడు ఒకడు, వినాలనుకొనేవారు ఇరవై మంది. అభిమానులే నడిపిన చిన్న పత్రికల్లోని ప్రకటనల ద్వారా చిరునామాలు తెలిసేవి. నీ దగ్గరున్నది నాకు పంపితే నా దగ్గరున్నది నీకు పంపుతాననే వస్తుమార్పిడి సాగింది. డబ్బు చేతులు మారని ఈ వ్యవహారంలో పోస్టు ఖర్చే పెట్టుబడి. క్యాసెట్టు పెట్టెలో మడిచిపెట్టే అట్టముక్క మీద బృందం పేరు, పాట పేరు, సంవత్సరం, రికార్డు సంస్థ పేరు కొండగుర్తుల్లా సన్నని అక్షరాల్లో రాసేవారు. కొందరు బృందంలోని సభ్యుల పేర్లు కూడా రాసేవారు. ఈ అట్టముక్కను నేను గద్య అంటాను. తాళపత్ర గ్రంథం చివర లేఖకుడు తన పేరూ, తిథివారాలూ, మాతృక వివరమూ చెప్పుకొనే భాగానికి ఇది సమానం.

ప్రతికి ప్రతి, దానికి మరో ప్రతి తీయగా దోషాలు పుట్టాయి. తరం మారిన కొద్దీ బుసబుసలు పెరిగి, పై స్థాయి స్వరాలు మందగిస్తాయి. ఒక యంత్రం వేగం రవ్వంత ఎక్కువయితే పాట శ్రుతి పెరుగుతుంది, ఆ శ్రుతిలోనే వేరొకడు దానిని నేర్చుకొంటాడు. అట్టముక్క తడిసి అక్షరాలు అలుక్కుపోతే పేరు మారుతుంది. పాటల వరుసలో ఒకటి జారితే కింద ఉన్న పాటలన్నీ పక్కవాడి పేరుకు ఎక్కుతాయి. వ్రాయసకాడు ఒక పాదం దాటేస్తే ఏమవుతుందో పరిష్కర్తలకు తెలిసినదే. నిజమైన పాఠాంతరాలూ ఉన్నాయి. ఆనాడు ఏడంగుళాల రికార్డుకు ఏకధార మిశ్రణం, పెద్ద రికార్డుకు ద్విధార మిశ్రణం విడివిడిగా చేసేవారు. ఒకే పాటకు రెండింటిలో గొంతు స్థాయి, గిటారు స్థానం, ఒక్కోసారి నిడివి కూడా వేరు. వీటిలో ఏది ప్రామాణికమన్న వాదం సంగ్రాహకుల్లో నేటికీ తెగలేదు. కవి స్వహస్తలిఖితం, కవి సమ్మతించిన ముద్రణ, ఈ రెండింట్లో దేనిని గ్రహించాలన్న మన వాదం కూడా అంతే.

మన ఊళ్లలో ఈ సంస్కృతికి ఒక దూరపు బంధువు ఉండేది. 1980లలో తెలుగు పట్టణాల్లోని రికార్డింగ్ దుకాణాల్లో ఖాళీ క్యాసెట్టూ, కోరిన పాటల చీటీ ఇస్తే దుకాణదారు రికార్డుల నుండి ఎక్కించి రెండు రోజుల్లో ఇచ్చేవాడు. మా ఇంట్లో అటువంటి క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. వాటి మీద సినిమా పేరు ఉంటుంది, పాట మొదటి మాట ఉంటుంది, గాయకుల పేర్లు కొన్నిటికి ఉంటాయి. పాట రాసిన కవి పేరు ఒక్కదానికీ లేదు. ఉత్తర భారతంలో క్యాసెట్టు తెచ్చిన మార్పును పీటర్ మాన్యుయెల్ 1993లో ఒక పుస్తకంగా రాశాడు. తెలుగు ప్రాంతపు రికార్డింగ్ దుకాణాల మీద అటువంటి కృషి ఒకటి రావలసి ఉంది. ఆ దుకాణదారులు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లవారు.

ఈ ఇంటి నకళ్ల మీద రికార్డు పరిశ్రమ కన్నెర్ర చేసింది. ఇంట్లో టేపు చేయడం సంగీతాన్ని చంపుతోందని బ్రిటిష్ పరిశ్రమ సంఘం 1980ల ఆరంభంలో ప్రచారం చేసింది. డెడ్ కెనడీస్ అనే అమెరికన్ బృందం 1981లో తమ క్యాసెట్టులో ఒక వైపు ఖాళీగా వదిలి, మీరూ నకలు తీసుకోండన్న అర్థం వచ్చేలా దాని మీద అచ్చు వేయించి ఆ ప్రచారాన్ని వెక్కిరించింది. 1992లో అమెరికా చట్టం వాణిజ్యేతర గృహ నకలుకు కొంత రక్షణ కల్పించింది. ఈ చర్చలో రెండు పక్షాల వాదాలూ అమ్మకానికి ఉన్న సంగీతం గురించే. కంపెనీ తానే మరచిపోయిన, మూలటేపు పారవేసిన పాట విషయంలో చంపినది ఎవరు, బతికించినది ఎవరు అన్న ప్రశ్న వేరు. అలాగని సంకలనకర్తలను నిర్దోషులనలేము. అనుమతి లేని సంపుటాల అమ్మకం మీద వచ్చిన డబ్బు పాడినవారికి చేరలేదు.

చాటువు, కూటసృష్టి

పేరు లేని పాట పెద్ద పేరు కిందికి జారుకొంటుంది. చాటుపద్యాల విషయంలో ఇది మనకు అనుభవమే. కొంటె పద్యమయితే తెనాలి రామకృష్ణుడిది, భోగపు పద్యమయితే శ్రీనాథుడిది. ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిని కూర్చేనాటికి ఈ ఆరోపణలు గట్టిపడి ఉన్నాయి. క్యాసెట్ల లోకంలోనూ పేరు తెలియని పాటను ప్రసిద్ధ బృందం మారుపేరుతో పాడిందని ఊహించడం మామూలు.

దీనికి తిరగబడిన ఉదాహరణ ఒకటుంది. 1985 ఏప్రిల్ 1న డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్ అనే పేరుతో ఒక రికార్డు బ్రిటన్‌లో వెలువడింది. 1967 నాటి మరుగుపడ్డ బృందపు రికార్డులా దాని ముఖచిత్రం, ధ్వని, సభ్యుల మారుపేర్లు అన్నీ కుదిరాయి. నిజానికది ఎక్స్.టి.సి. అనే సమకాలిక బృందపు అనుకరణ. ఎగతాళి కాదు, ప్రేమతో చేసిన పని. ఆ అనుకరణ సాధ్యపడిందంటే అప్పటికే లక్షణాలు స్థిరపడ్డాయని అర్థం. ఆ లక్షణాలను స్థిరపరచినవి 1967 నాటి రికార్డులు కావు, వాటిని ఏరి ఒకచోట చేర్చిన సంకలనాలే. నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలికితెచ్చినప్పుడు అది ఆయన స్వంత రచనేనన్న అనుమానం వచ్చింది. ఆ వివాదపు సారాంశంలోకి నేను పోవడం లేదు. వెలికితీసినవాడికి ఆ యుగపు భాష అంతగా పట్టుబడి ఉండటమే అనుమానానికి బీజమన్నది మాత్రం గమనించదగినది. గొప్ప సంకలనకర్త మీద ఈ నీడ ఎప్పుడూ ఉంటుంది.

పేర్లు లేని క్యాసెట్టు

ఇంతవరకు చెప్పిన చరిత్రలో కోల్పోయినవి కీర్తీ డబ్బూ మాత్రమే. కంబోడియా విషయం అలాంటిది కాదు.

1960లలో, 1970ల తొలి ఏళ్లలో నాంఫెన్ నగరంలో ఖ్మేర్ భాషలో పాప్ సంగీతం వర్ధిల్లింది. ఫ్రాన్స్ నుండి, లాటిన్ అమెరికా నుండి వచ్చిన రికార్డులు, పొరుగున వియత్నాంలో అమెరికన్ సైనికుల కోసం నడిచిన రేడియో ప్రసారాలు ఆ గాయకుల చెవిన పడ్డాయి. వాటిని వారు తమ గానసంప్రదాయంతో కలుపుకొన్నారు. సిన్ సిసామౌత్, రోస్ సెరే సోథియా, పెన్ రాన్ ఆ కాలపు మేటి గాయకులు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ దళాలు నగరాన్ని ఆక్రమించి జనాన్ని పల్లెలకు తరిమాయి. 1979 వరకు సాగిన ఆ పాలనలో కళాకారులు ప్రత్యేకంగా వేటకు గురయ్యారు. పై ముగ్గురూ ఆ కాలంలోనే అంతమయ్యారు. వారి మరణాల గురించి ప్రచారంలో ఉన్న కథలు ఒకదానితో ఒకటి పొసగవు. రికార్డులు, మూలటేపులు చాలావరకు నాశనమయ్యాయి. దేశం దాటినవారి సంచుల్లోనూ, దాచినవారి ఇళ్లలోనూ మిగిలినవి తరువాత క్యాసెట్లుగా అంగళ్లకు వచ్చాయి.

1994లో ఒక అమెరికన్ పర్యాటకుడు సియెమ్ రీప్ అంగడిలో అటువంటి క్యాసెట్లు కొన్ని కొన్నాడు. వాటిలో తనకు నచ్చినవి ఏరి ఒక కూర్పు చేశాడు. ఆ కూర్పు కొన్నాళ్లకు న్యూయార్క్‌లోని ఒక చిన్న సంస్థ ద్వారా కంబోడియన్ రాక్స్ పేరుతో బయటికి వచ్చింది. కాంపాక్ట్ డిస్కు రూపంలో 22 పాటలు. పాడినవారి పేర్లు లేవు, పాటల పేర్లు లేవు. ప్రపంచమంతటా శ్రోతలు దానిని విని ముగ్ధులయ్యారు. ఎవరు పాడారో తెలియకపోవడమే ఆ మోహంలో ఒక భాగమయింది. సమీక్షకులు రహస్యం, వింత అన్న మాటలను మెచ్చుకోలుగా వాడారు. ఖ్మేర్ భాష తెలిసిన ఏ నడివయసు స్త్రీ అయినా ఆ గొంతు సెరే సోథియాదని మొదటి చరణంలోనే చెప్పగలదు. రహస్యం వినేవాడి అజ్ఞానంలో ఉందే గాని పాటలో లేదు.

కాలక్రమంలో ఖ్మేర్ తెలిసినవారు పాటలను గుర్తించి పేర్లు చేర్చారు. 2014లో జాన్ పిరోజీ తీసిన వృత్తచిత్రం ఆ గాయకుల జీవితాలను, బతికి బయటపడినవారి సాక్ష్యాలను వెలుగులోకి తెచ్చింది. ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. ఆ పేరులేని సంపుటం లేకపోతే ఈ గుర్తింపు కృషికి అంత తొందర పుట్టేది కాదేమో. సింగన, జగ్గన ఇద్దరూ పద్యాన్నీ నిలిపారు, మూలాన్నీ చెప్పారు. కంబోడియన్ రాక్స్ పాటను నిలిపి మూలాన్ని వదిలేసింది. రెండూ సంకలనాలే అయినా రెండిటి మధ్య దూరం చాలా ఉంది. ప్రబంధరత్నాకరములోని కవినామాలు తొలగించి పద్యాలు మాత్రమే అచ్చువేస్తే పద్యాల అందానికేమీ లోటు రాదు. మన సాహిత్య చరిత్రలో మాత్రం కొన్ని పుటలు ఖాళీ అవుతాయి.

భారతదేశం ఈ కథకు పూర్తిగా బయట లేదు. సిమ్లా సిగరెట్ల ప్రచారానికి ఇంపీరియల్ టొబాకో సంస్థ నడిపిన సిమ్లా బీట్ పోటీల్లో కలకత్తా, మద్రాసు, షిల్లాంగ్ వంటి నగరాల కుర్రబృందాలు ఇంగ్లీషు పాటలు పాడాయి. 1970, 1971 సంవత్సరాల పోటీల నుండి రెండు పెద్ద రికార్డులు వచ్చాయి. దేశంలో మరుగున పడిన వాటిని దశాబ్దాల తరువాత విదేశీ సంగ్రాహకులు మళ్లీ విడుదల చేశారు. సిగరెట్టు కంపెనీ ప్రచార వస్తువు ఇవాళ సంగీత చరిత్రకు ఆధారం. కావ్యాలు దొరకని చోట దానశాసనాల నుండి పద్యాలు ఏరుకొన్న మనకు దీనిలో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. ఆ రికార్డుల మీద ప్రతి బృందం పేరూ అచ్చయి ఉంది.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం కూడా ఇక్కడే చెప్పాలి. ఎం.ఎ. లఘు పరిశోధన కోసం నాట్ల కాలంలో కూలి స్త్రీలు పాడే పాటలు సేకరించాను. ఫోనులో రికార్డు చేసిన ఫైళ్లకు ఊరి పేరు, తేదీ పెట్టాను, పాట మొదటి పాదం రాసుకొన్నాను. పాఠాంతరాలు పట్టిక వేశాను. మౌఖిక పరీక్షలో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. కంబోడియా సంపుటం గురించి చదివిన రోజు రాత్రి ఆ సంచయాన్ని తెరిచి చూస్తే నలభై ఒక్క పాటల్లో పాడినవారి పేరు ఉన్నవి ఆరు. ఆ ఆరూ కూడా రికార్డులోనే ఒకామె నవ్వుతూ పక్కామెను పేరు పెట్టి పిలవడం వల్ల తెలిసినవి. మొన్న సంక్రాంతి తరువాత మూడు ఊళ్లకు ఫోను పట్టుకొని తిరిగి వెళ్లాను. గట్టు మీద కూర్చోబెట్టి పాటలు వినిపిస్తే గొంతులు గుర్తుపట్టారు. ఇది మా చిన్నమ్మ గొంతేనని ఒకామె అంది, అది పోయిన ఏడాది ఆషాఢంలో పోయిన మనిషని చెప్పింది. ఇప్పటికి ఇరవై తొమ్మిది పాటలకు పేర్లు వచ్చాయి. పన్నెండు పాటలు మిగిలాయి. వాటిలో ఏడు నాట్లకని పొరుగు మండలం నుండి వచ్చిన కూలీలవి. వారి మేస్త్రీ ఫోను నంబరు మారింది. ఈ ఏడు నాట్ల వేళకు వాళ్లు మళ్లీ ఆ ఊరికే వస్తారని అక్కడివారు చెబుతున్నారు.